ఒకే గుట్ట, వేరు వేరు దారులు: మౌంటెన్ బైక్ ట్రైల్ వెనక ఉన్న లెక్క

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే ఊరు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉండటంతో ఐటీ ఉద్యోగాల మీద వెళ్లిన మనవాళ్లు చాలామంది కుటుంబాలతో సహా అక్కడ స్థిరపడ్డారు. సైకిల్ తొక్కేవాళ్లలో మాత్రం ఆ ఊరికి వేరే పేరుంది. 2007లో స్లాటర్ పెన్ దగ్గర మట్టి దారులు వేశారు. తర్వాత వాల్‌మార్ట్‌ను స్థాపించిన వాల్టన్ కుటుంబం డబ్బు తోడై, ఊరి చుట్టుపక్కల అడవంతా ట్రైళ్లు అల్లుకుపోయాయి. వాటిలో కోలర్ అనే చోటు చూడదగ్గది. సుమారు 300 ఎకరాల ఆ స్థలంలో గుట్ట పైన ‘ది హబ్’ అని ఒక వేదిక కట్టారు. ఎక్కినవాళ్లు అక్కడికి చేరి, తలో దారిన దిగుతారు. ఒక దారి నిండా జంపులు, మరో దారి నిండా రాళ్లు. జంపులూ రాళ్లూ వద్దనుకునేవాళ్లు నింపాదిగా చుట్టి రావడానికి వేరే దారులున్నాయి.

గుట్ట ఒకటే, మట్టి ఒకటే, ఎత్తూ ఒకటే. మరి దారులు ఇంత వేరుగా ఎలా అయ్యాయి? ఇక్కడ రాళ్లు పేర్చారు, అక్కడ జంపులు కట్టారు అని చెప్పి ఊరుకోవచ్చు. అసలు తేడా అంతకంటే ముందే, క్లైనోమీటర్‌తో వాలు కొలిచి జెండాలు పాతే రోజునే వచ్చేస్తుంది. తొక్కేవాళ్ల వేగం ఎక్కడ పెరగాలి, ఎక్కడ తగ్గాలి, తగ్గేది బ్రేకు వల్లా, నేల తీరు వల్లా అన్నది ఆ జెండాలతోనే తేలిపోతుంది. ఏ శైలికి కట్టినా ట్రైల్ కట్టేవాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇదే. జవాబులే మారుతుంటాయి.

ముందు నీళ్ల సంగతి

వేగం లెక్క వేసుకునే ముందు వాన లెక్క చూసుకోవాలి. ట్రైల్‌ని పాడుచేసేవి సైకిల్ టైర్లని చాలామంది అనుకుంటారు. టైర్లు మట్టిని వదులు చేస్తాయి, అంతే. దాన్ని మోసుకుపోయేది నీళ్లు. కొండ మీద పడ్డ వాన ఎటు దిగుతుందో దారి కూడా అటే దిగితే, రెండు మూడు వానాకాలాల్లో అది వాగు అవుతుంది. తిరుమల కొండకే చూడండి. మెట్ల దారి చాలాచోట్ల కొండకు ఎదురెక్కుతుంది, అందుకే దానికి అడుగడుగునా రాయి కావలసి వచ్చింది. ఘాట్ రోడ్డు కొండను చుట్టుకుంటూ పోతుంది. ఉత్త మట్టితో దారి వేయాలనుకునేవాళ్లకు రెండోదే గతి.

1988లో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్, పొట్టిగా ఇంబా, ఈ విషయంలో ప్రచారంలోకి తెచ్చిన సూత్రాలను చాలా దేశాల్లో పాటిస్తున్నారు. మొదటిది సగం సూత్రం. కొండ వాలు ఎంత శాతముందో, దాని మీద అడ్డంగా వేసే దారి వాలు అందులో సగం దాటకూడదు. కొండ 30 శాతం ఉంటే, అంటే వంద అడుగులు పోయేసరికి 30 అడుగులు లేస్తే, దారి 15 శాతం లోపు ఉండాలి, కొండ 10 శాతమే ఉంటే దారి 5 శాతం లోపు. ఇది దాటితే నీళ్లు దారిని అడ్డంగా దాటిపోకుండా దాని వెంటే పరుగెడతాయి. రెండోది, మొత్తం మీద దారి సగటు వాలు 10 శాతం దగ్గర ఆగడం. చదును నేల మీద ట్రైల్ వేయడం సులువని కొత్తవాళ్లు అనుకునేది ఈ సూత్రాలు తెలియకే. నీళ్లు పోయే దిక్కు లేని చదును, నిటారు కొండ కంటే ఎక్కువ సతాయిస్తుంది.

దారిని కోసే పద్ధతినీ నీళ్లే నిర్ణయిస్తాయి. కొండ పక్కను లోపలికంటా కోసి, తొక్కే వెడల్పు మొత్తం కదలని పాత నేల మీదే ఉండేలా చూస్తారు. తవ్విన మట్టిని అంచున పోసి సగం దారిని దాని మీద నిలబెడితే పని సగంలో అయిపోతుంది గాని, ఆ అంచు కొన్నాళ్లకు జారిపోతుంది. కోసిన దారిని బయటి వైపుకు 5 శాతం వంచుతారు, నీళ్లు పలచగా పరుచుకుని అంచు దాటిపోవడానికి. అయితే ఈ వంపు నిలవదని పార పట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. టైర్లు నడుమను అణగదొక్కుతాయి, వదులు మట్టి అంచుకు చేరి చిన్న గట్టు కడుతుంది, ఏడాది తిరిగేసరికి నీళ్లు ఆ గట్టు లోపలే పారుతుంటాయి.

కాబట్టి అసలు భరోసా వంపు మీద పెట్టుకోరు. దిగుతున్న దారిని కొద్ది దూరానికోసారి నాలుగడుగులు పైకెక్కించి మళ్లీ దింపుతారు. ఆ ఎక్కుడుకు ముందున్న పల్లంలో నీళ్లు ఆగి, పక్కకు తిరిగి, కొండ కిందికి పోతాయి. ఇలాంటి ఎదురు వాలు 20 నుంచి 50 అడుగులకు ఒకటి ఉండాలని ఇంబా సలహా.

తమాషా ఏమిటంటే, నీళ్ల కోసం తీసిన ఆ పల్లమే తొక్కేవాళ్లకు సరదా. దిగేటప్పుడు కడుపులో ఒక్క క్షణం తేలికవుతుంది, ఎక్కేటప్పుడు బరువంతా కాళ్ల మీద పడుతుంది, బ్రేకు ముట్టుకోకుండానే వేగం తగ్గుతుంది. ఫ్లో ట్రైల్ అని ఇవాళ పిలుస్తున్నది చాలావరకు ఈ పల్లాలనే దగ్గరగా చేర్చి, నునుపు చేసి, మలుపులతో కలిపి కట్టినది. డ్రైనేజీ చక్కగా ఆలోచించిన ట్రైల్ తొక్కడానికి కూడా బాగుండటం అందుకే. అడవుల్లో నడక దారుల కోసం ఏనాడో వేసిన మంచి బాటలు కొన్ని సైకిల్‌కి కూడా హాయిగా అనిపించడానికి కారణం కూడా అదే.

క్రాస్ కంట్రీలో ఎక్కుడే ప్రధానం

ఎక్కుతూ దిగుతూ దూరం తొక్కే శైలి క్రాస్ కంట్రీ. దాని సైకిల్ తేలిక. కుదుపులు మింగే సస్పెన్షన్ 100 నుంచి 120 మిల్లీమీటర్లే కదులుతుంది. ఆ తొక్కేవాళ్ల సమయంలో ఎక్కువ భాగం ఎక్కడానికే పోతుంది. సగటున 5 నుంచి 8 శాతం వాలుతో సాగుతూ, అక్కడక్కడ నాలుగు గజాలు నిటారుగా లేచి, వెంటనే ఊపిరి తీసుకునే చోటిచ్చే దారి గంటసేపు తొక్కినా విసుగు పుట్టించదు. అదే ఎత్తును ఒక్క తీరున 12 శాతంతో ఎక్కిస్తే సగం మంది దిగి నెట్టుకుంటూ పోతారు. వెనక చక్రం జారిన చోటల్లా మట్టి లేస్తుంది, తర్వాతి వానకు ఆ చోట గాడి పడుతుంది.

మలుపుల దగ్గర పని మరీ ఎక్కువ. నిటారు కొండ మీద వెనక్కి తిరిగే మలుపు కావాలంటే చదునుగా చప్టా చేసి, కింది వైపు రాతి గోడ కట్టాలి. ఒక్క మలుపుకే నలుగురికి రోజుల తరబడి పని. అందుకని అనుభవం ఉన్నవాళ్లు మలుపుల సంఖ్యే తగ్గించి, కొండ చుట్టూ పొడుగ్గా పోయి అరుదుగా తిరుగుతారు. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటే ఇంకో బెడద కూడా ఉంది. పై వరసలోంచి కింది వరస కనబడితే చాలు, అడ్డంగా దిగి దొంగదారి చేసేవాళ్లు ఎక్కడినుంచో పుట్టుకొస్తారు.

పోటీల క్రాస్ కంట్రీ మాత్రం చాలా మారింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌తో ఈ క్రీడ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇప్పుడు 4 నుంచి 6 కిలోమీటర్ల చుట్టును పదేపదే తిరుగుతూ రాళ్లగుట్టలు, డ్రాపులు (నేల ఒక్కసారిగా కిందికి తెగిపోయే చోట్లు) దాటాలి. కష్టమైన చోట పక్కనే నెమ్మది దారి ఇస్తారు. అటు పోతే కొన్ని సెకన్లు పోతాయి, ఎముకలు మిగులుతాయి. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ పోటీ జరిగిన ఇజు కోర్సులో ఒక పెద్ద బండ మీంచి దిగే డ్రాపు ఉంది. సాధన సమయంలో దానికి ఒక ర్యాంపు ఉండేది, పోటీనాటికి తీసేశారు. నెదర్లాండ్స్ ఆటగాడు మాథ్యూ వాన్ డెర్ పూల్ ర్యాంపు ఉంటుందనుకునే వచ్చి, మొదటి చుట్టులోనే హ్యాండిల్ మీంచి బోర్లాపడ్డాడు. ర్యాంపు ఉంటే అది చక్రాలు నేల వదలకుండా దిగే చోటు. లేకపోతే వేగంగా వచ్చి, ముందు చక్రం లేపి దూకాల్సిన చోటు. బండ ఎత్తు అంగుళం కూడా మారలేదు. ఒక్క చెక్క తీసేసరికి ఆ చోటు ఇంకో శైలికి చెందినదైపోయింది.

ఫ్లో ట్రైల్: కాగితం మీద లెక్క

కెనడాలోని విస్లర్ బైక్ పార్క్ 1999లో మొదలైంది. స్కీ లిఫ్టులు వేసవిలో సైకిళ్లను పైకి మోసుకుపోతాయి. ఎక్కే పని లేనప్పుడు ట్రైల్ మొత్తం దిగడానికే కట్టొచ్చు. అక్కడి ఏ-లైన్ అనే ట్రైల్ యంత్రాలతో మట్టిని మలిచి కట్టినది. ప్రపంచవ్యాప్తంగా జంప్ ట్రైళ్లకు అది నమూనా అయింది. నునుపుగా ఉంది కాబట్టి సులువుగా కట్టి ఉంటారనుకోవచ్చు. లెక్క తప్పితే వెంటనే బయటపడేది మాత్రం ఈ రకం ట్రైల్‌లోనే.

బెర్మ్ అంటే బయటి అంచు పైకి లేపి ఒరిగించిన మలుపు. 5 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులోకి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిల్‌కి పక్క జారుడు లేకుండా ఉండాలంటే ఆ ఒరుగు దాదాపు 45 డిగ్రీలు ఉండాలి. అదే మలుపులోకి 15 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాళ్లకు 20 డిగ్రీలు చాలు. టైరు పట్టు వల్ల అటూ ఇటూ కొంత వెసులుబాటు ఉంటుంది గాని, 25తో వచ్చే చోట 20 డిగ్రీల బెర్మ్ కడితే ఏం జరుగుతుందో చెప్పడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. అందరూ మలుపుకు ముందు బ్రేకు పట్టేస్తారు. ఒకే చోట వందల బ్రేకులు పడితే నేల అలలు అలలుగా లేస్తుంది. వాటినే బ్రేకింగ్ బంప్స్ అంటారు. వాటిని చదును చేసినా నెలలోపు మళ్లీ వస్తాయి, కారణం మలుపులో ఉంది కాబట్టి.

దీనికి మందు మలుపుకు ముందు ఎక్కుడు పెట్టడం. ఘర్షణను పక్కన పెడితే, 25 కిలోమీటర్ల వేగాన్ని 15కి దించడానికి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎక్కుడు సరిపోతుంది. నిజం నేల మీద ఇంకా తక్కువే చాలు. ఆ ఒకటిన్నర మీటర్లు మలుపు దాటగానే మళ్లీ దిగుడుగా దొరుకుతాయి, తొక్కేవాళ్లు పోగొట్టుకునేదేమీ ఉండదు. ఎక్కుడుకు ముందున్న పల్లంలోంచి వాన నీళ్లు కూడా బయటికి పోతాయి. రెండు పనులూ ఒకే మట్టికుప్పతో తీరుతాయి.

జంపులకూ ఇదే లెక్క. 30 డిగ్రీల ఎగురు మీంచి 25 కిలోమీటర్ల వేగంతో లేచిన సైకిల్, అదే ఎత్తులో దిగేట్టయితే, సుమారు 4.3 మీటర్ల అవతల దిగుతుంది. 20 కిలోమీటర్లతో లేస్తే 2.7 మీటర్లు. అయిదు కిలోమీటర్ల వేగం తేడాకు ఒకటిన్నర మీటర్ల దూరం తేడా. నడుమ ఖాళీ ఉన్న గ్యాప్ జంపులో నెమ్మదిగా వచ్చినవాళ్లు గుంటలో పడతారు. నడుమ మట్టితో పూడ్చిన టేబుల్‌టాప్‌లో అదే మనిషి పైనే దిగి దొర్లుకుంటూ పోతాడు. నేర్చుకునేవాళ్లు, నేర్చినవాళ్లు ఒకే జంపు మీద పోగలిగేది టేబుల్‌టాప్ అయితేనే. కొత్తగా ట్రైల్ కట్టే ఊళ్లలో తొలి ఏళ్లలోనే గ్యాపులు కట్టాలని ఉబలాటపడటం బాగా కనిపిస్తుంది. వీడియోలో బాగుంటాయి నిజమే, కాని వందమందిలో అయిదుగురే వాడే జంపు కోసం మిగతా తొంభై అయిదుగురిని పక్కదారి పట్టించడం దండగ.

ఎత్తు తక్కువ ఉన్న బెంటన్‌విల్ లాంటి చోట ఈ లెక్క మరీ కఠినం. లిఫ్టు లేదు, కొండ చిన్నది, తొక్కి సంపాదించిన ఎత్తు కొద్దిగానే ఉంటుంది. తొలి వంద మీటర్లలోనే నిటారుగా దింపేస్తే ఆ వేగమంతా బ్రేకుల్లో పోతుంది, చివర ఏమీ మిగలదు. అదే ఎత్తును 4, 5 శాతం వాలుతో పరిచి, పల్లాలూ బెర్మ్‌లూ వరసగా పెడితే దిగుడు రెండింతలు పొడుగవుతుంది.

బ్రేకు పట్టక తప్పని చోట

అన్ని శైలులూ బ్రేకును తప్పించవు. టెక్నికల్ దారి కోరుకునేవాళ్లకు వేళ్లు, రాళ్లు, ఇరుకు సందులు కావాలి. వాళ్లు నెమ్మదిగా, అడుగడుగునా బ్రేకు మీద వేలుంచి దిగుతారు. బ్రేకు ఎక్కడైనా పడొచ్చు కాబట్టి నేల మొత్తం గట్టిగా ఉండాలి, అంటే రాయో చెక్కో ఉండాలి.

ఈ శైలి పుట్టిన చోట్లు చూస్తే విషయం స్పష్టంగా తెలుస్తుంది. వాంకూవర్‌కు ఉత్తరాన ఉన్న నార్త్ షోర్ కొండల్లో వాన ఎక్కువ, నేల బురద, ఎక్కడ చూసినా వేళ్లు. అక్కడ ‘డిగ్గర్’ అని పిలుచుకునే టాడ్ ఫియాండర్ వంటివాళ్లు పడిపోయిన దేవదారు చెట్లను చీల్చి, నిచ్చెన మెట్లలా అడ్డచెక్కలు కొట్టి, బురద మీద వంతెనలు వేశారు. మొదట అవి బురద దాటడానికే. 1990లలో వాటిని సన్నగా, ఎత్తుగా, వంకరగా కట్టడం మొదలైంది, విన్యాసాలకు పెద్దపీట వేసే ఫ్రీరైడ్ అనే శైలికి అదొక ఆనవాలుగా మారింది. యూటా రాష్ట్రంలో మోయాబ్ దగ్గరి స్లిక్‌రాక్ ట్రైల్‌ది ఇంకో దారి. 1969లో మోటార్‌సైకిళ్ల కోసం గుర్తించిన ఆ ట్రైల్ ఉత్త ఇసుకరాయి మీద పెయింట్ గీతలే. రాయికి గాడి పడదు, కాబట్టి నిటారు వాలు మీద కూడా సగం సూత్రం గొడవే లేదు. వేల్స్‌లోని కోయెడ్ ఎ బ్రెనిన్‌లో 1990లలో ఏడాది పొడుగునా వానలో తొక్కేందుకు దారి కావాల్సి వచ్చి, రాతిపలకలు నేలలో పాతి కట్టారు. బ్రిటన్‌లో తర్వాత వచ్చిన ట్రైల్ సెంటర్లకు అదే నమూనా.

డౌన్‌హిల్ రేసింగ్ వీటన్నిటికంటే ఖర్చుతో కూడింది. 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న సైకిల్ రెండు నుంచి అయిదు నిమిషాల్లో కొండంతా దిగేయాలి. వాలు నిటారు, వేగం ఎక్కువ, బ్రేకులు గట్టివి. మట్టి దాన్ని తట్టుకోదు. సగం సూత్రాన్ని తెలిసే అతిక్రమిస్తారు, అందుకు మూల్యం రాతి పరుపుగానో, ఏటా చేసే మరమ్మతుగానో చెల్లిస్తారు. టికెట్ డబ్బు వచ్చే పార్కులకు అది సాధ్యం. స్వచ్ఛందంగా పనిచేసే పదిమందికి సాధ్యం కాదు.

అందర్నీ ఒకే దారిలో తోలితే

ఒకే దారి అందరికీ సరిపోవాలని చేసే ప్రయత్నం సాధారణంగా ఎవరికీ సరిపోని దారితో ముగుస్తుంది. దిగుడులో 40 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాళ్లూ, ఎదురుగా ఎక్కుతూ వచ్చేవాళ్లూ ఒకే మలుపులో కలవడం ప్రమాదం. కోలర్‌లో లాగా శిఖరం ఒకటే ఉంచి దిగే దారులు విడగొట్టడం దీనికి మంచి పరిష్కారం. పార్కింగ్ దగ్గర సులువు చుట్టు, దానికి తగిలించి మధ్యరకం, చివర కష్టమైనవి పెడితే, కొత్తవాళ్లు దారి తప్పి కష్టమైనదాంట్లోకి పోయే అవకాశం తగ్గుతుంది.

ఇంబా గుర్తుల ప్రకారం ఆకుపచ్చ వృత్తం (సులువు) ఉన్న దారి కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, నీలి చతురస్రానికి (మధ్యరకం) 60, నల్ల వజ్రానికి (కష్టం) 30. బోర్డు చూసేవాళ్లు తక్కువ, కాబట్టి కష్టమైన ట్రైల్ మొదట్లోనే దాంట్లోని కష్టం నమూనాగా ఒకటి పెడతారు, ఒక రాళ్ల వరసో, డ్రాపో. అది దాటలేనివాళ్లు అక్కడే తిరిగి వెళ్లిపోతారు. అడవి మధ్యలో ఇరుక్కోవడం కంటే అది నయం. వికలాంగులు వాడే మూడు చక్రాల సైకిళ్ల సంగతి మాత్రం ఇంకా చాలాచోట్ల ఎవరికీ గుర్తుకు రావడం లేదు. వాటికి సుమారు మీటరు వెడల్పు కావాలి, బయటికి బాగా వంగిన దారి మీద ఒరిగిపోతాయి. నీళ్ల కోసం చేసే వంపు ఇక్కడ అడ్డొస్తుంది, ఎదురు వాలు అడ్డురాదు. డ్రైనేజీని ఎదురు వాలుల మీదే ఆధారపడేలా కడితే ఆ దారి వాళ్లకూ పనికొస్తుంది.

తెలుగు నేల మీద చూస్తే ఈ లెక్కలకు మట్టి తేడా కలుస్తుంది. తెలంగాణ గుట్టల మొరం బాగా అణుగుతుంది, నీళ్లను త్వరగా వదిలేస్తుంది, బెర్మ్ కట్టడానికి అనువు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు టెక్నికల్ దారికి సిద్ధంగా ఉన్న రాతిపరుపు. నల్లరేగడి దీనికి పూర్తి వ్యతిరేకం. ఎండకు బీటలు తీస్తుంది, వానకు చక్రానికి చుట్టుకుని సైకిల్‌నే ఆపేస్తుంది. అక్కడ పైన మొరం పోసి తీరాలి. ఇక పచ్చిక పోయిన ఎర్రమట్టిని నీళ్లు ఎంత లోతుగా కోయగలవో భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోని గండ్లు చూస్తే చాలు.

ఎండాకాలంలో తవ్విన మట్టి పొడిగా రాలిపోతుంది, ఎంత దిమ్మిస కొట్టినా బెర్మ్ నిలవదు. వానలు వెనకబట్టాక నేలలో ఇంకా తడి ఉన్న వారాలే మలచడానికి మంచివి. కోత పని, పల్లాల పని మాత్రం అంతకుముందే ముగించుకుని, తొలకరికి దారిని ఖాళీగా వదిలేయాలి. వాన పడుతుండగా గొడుగేసుకుని దారి పొడుగునా నడిస్తే నీళ్లు నిలిచిన చోట్లు, దారి వెంట పారిన చోట్లు కనబడతాయి. అక్కడ మేకులు పాతి గుర్తు పెట్టుకుని, పల్లాలు వెడల్పు చేసి, నీళ్లు కొండ కిందికి పోయేలా నోరు తెరిచి, ఆ తర్వాతే జంపులకు మట్టి తోలించాలి.